నలగని నిమ్మకాయలు

శుక్రవారం రాత్రి, హిందూపురం

చెల్లెలు సుజాత కొత్త కారుకు ఈ రోజు పెనుకొండ గుడి ముందు పూజ. పెద్దదాన్నని టైర్ల ముందు నిమ్మకాయలు పెట్టే పని నాకిచ్చింది. తాళం తన మొగుడికి, అదే మా మరిదికి, ఇచ్చింది. ఇంట్లో అందరికంటే ముందు కారు నేర్చుకుని స్టీరింగు పట్టింది నేను.

"ధర్మవరంలో ఎక్కి నిద్రపోతే బెంగళూరులో లేస్తానక్కా. టోలు గేటు దానంతటదే లేస్తాది, దుడ్లు పోయేదే తెలీదు," అంది.

రోడ్డుకు డబ్బు కట్టడం న్యాయమే. కానీ టోలు ఖర్చుకు జంకి ఊళ్ల మీదుగా గుంతల్లో బండి తోలుకుని పోయేది నేను. నిద్రపోయే దానికి ఆ రోడ్డెందుకు?

మరిది బండి కదిలించాడు. అది వెనక్కి పోయింది. నిమ్మకాయలు అట్లాగే ఉన్నాయి.

"ఏమప్పా, దేవుణ్ణి చూసి జడుసుకున్యావా?" అని పూజారి నవ్వాడు. సుజాత ముఖం మాడిపోయింది.

"నువ్వు దిగు," అని మొగుడితో అంది. "అక్కా, నువ్వు పోనీ."

నిమ్మకాయలు చితికాయి. బండి ఎంత మెత్తగా కదిలిందో! అంతలోనే, "చాలక్కా, ఇంక దిగు," అంది.

ఇంటికొచ్చి వాళ్ల బండి చల్లగా ఉండాలని మొక్కాను. అది వెనక్కి పోయినప్పుడు నాకు కలిగిన సంతోషం మాత్రం దేవుడికి చెప్పలేదు. దీపం ముందు కళ్లు మూసుకుంటే కుడి పాదం యాక్సిలరేటరును తొక్కినట్టు నేలను నొక్కుతూనే ఉంది...