ఎవరూ కొనకూడని ధర

ఓడలరేవు,
బుధవారం.

ప్రియమైన వీరేంద్ర బావకి,

ఈ సంగతి ఫోనులో చెబితే మీరు నవ్వేస్తారు, నేను ఏడ్చేస్తాను. అందుకే మస్కట్‌కి ఈ ఉత్తరం.

మీ మేనకోడలికి చేతిలో పట్టుకుని ఆడుకునే వీడియో గేము కొనమన్నారు. ధర చెప్పగానే "ఆటబొమ్మకి అంతా?" అని ఎగిరిపడ్డారు, ఆ ధరేదో నేను పెట్టినట్టు! అమలాపురంలో సీమోను గారి కొట్లో అదే అడిగాను. "తెరా, చిప్పూ పైదేశాల్నుంచే రావాలండి. రవాణా, పన్నూ అన్నీ దీని నెత్తినే. ఫోన్లొచ్చేక కొనేవాళ్ళు తగ్గిపోయేరు. ఇంక ధర ఎలా దిగుద్దండి?" అని ఓపిగ్గా చెప్పారు.

పక్కన అద్దాల బీరువాలో గీతలు పడ్డ పాత గేము ఒకటుంది. చీటీ మీద ధర చూస్తే కొత్తదానికి నాలుగింతలు! నేనూరుకుంటానా? "ఇందులో బంగారం పోసేరేంటండీ?" అన్నాను. ఆయన నవ్వలేదు.

"అది మా అమ్మాయిదండి. పోయి రెండేళ్ళయ్యింది. ఇంట్లో ఉంటే మా ఆవిడ అన్నం ముట్టదు. పారేద్దామంటే నాకు చేతులు రావు. ఎవరూ కొనకూడదనే ఆ ధర పెట్టేనండి."

చూస్తానంటే తీసి, ఆన్ చేసి ఇచ్చారు. అందులో చిన్న తోట. రోజూ నీళ్ళు పోయకపోతే ఎండిపోవాలట. ఎవరూ పోయడం లేదట. బావా, పచ్చగా ఉంది. మధ్యలో రెండు జడల పిల్ల నిలబడి నావైపే చూస్తోంది. పక్కన ఉయ్యాల. దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో పేరు: కౌముది.

"ఈ పేరెవరిదండీ?"

"మాకూ తెలీదండి. నిరుడు దీపావళి వెళ్ళేక కనబడింది. మా అమ్మాయి ఉన్నప్పుడు ఆ ఉయ్యాలే లేదండి."

మన పాప పోయింది అప్పుడే కదా. బారసాల కాకుండా పోయిన బిడ్డకి పేరుండకూడదని అత్తయ్యగారు నన్ను నోరెత్తనివ్వలేదు. ఆసుపత్రిలో మనిద్దరం గుసగుసగా అనుకున్న ఈ పేరు మూడో మనిషికి తెలీదు.

ఇంటి కప్పు వేయించమని మీరు పంపిన డబ్బుతో ఆ గేము కొంటాను. వద్దనకండి.

మీ
శిరీష


ఓడలరేవు,
ఆదివారం.

బావా,

మీ జవాబు కోసం ఆగలేకపోయాను. నిన్న వెళ్ళి డబ్బు బల్ల మీద పెట్టాను. సీమోను గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. పెట్టిన ధర ఇచ్చాక కాదనలేక, బీరువా తాళం తీశారు.

గేము ఆన్ చేశాను. ఆ తర్వాత నేను ఏ మీటా నొక్కలేదు. ఆ పిల్ల ఉయ్యాల దగ్గర కూర్చుని మెల్లగా ఊపుతోంది. అబద్ధమెందుకు, పారిపోదామనిపించింది. కానీ ఇన్నాళ్ళూ మన పాపని ఒంటరిగా వదలకుండా కాపాడింది ఆ పిల్లే కదా. పట్టుకొచ్చేస్తే ఆయన బిడ్డనీ ఎత్తుకొచ్చినదాన్నవుతాను.

ఆయనకి మన పాప సంగతంతా చెప్పాను. "కౌముది" అని మొదటిసారి పైకి అన్నాను. ఉయ్యాల ఆగింది. అందులోంచి ఒక చిన్న చెయ్యి పైకి లేచింది. ఆయనా చూశారు.

గేము ఆయన చేతికే ఇచ్చేసి, డబ్బు తిరిగి సంచిలో వేసుకున్నాను. పెన్ను అడిగి, చీటీ మీద ధర చివర ఇంకో సున్నా చేర్చాను. "ఆయ్, ఇదే బాగుందండి. రేపు మా ఆవిణ్ణి కూడా తీసుకొస్తానండి," అన్నారాయన, కళ్ళు తుడుచుకుంటూ.

మీ మేనకోడలికి కొత్తదే కొన్నాను. ధర గురించి మళ్ళీ నాతో దెబ్బలాడకండి. మీరు సెలవు మీద వచ్చాక అమలాపురం వెళ్దాం. మీరూ ఒకసారి పేరు పెట్టి పిలవండి బావా. మన పిల్ల పలుకుతుంది.

మీ
శిరీష