అత్త చెప్పు

నాయనా,

ఈ రోజు నీ సంవత్సరీకం. నీ చెల్లెలు, మా పొదిలి అత్త, మార్కాపురంలో బస్సు దొరకదంటూ అన్నం తినకుండానే లేచింది. వాకిట్లో చూస్తే ఆమె చెప్పు ఒకటే ఉంది.

ముందు అందరం నవ్వాం. మిలిటరీ నుంచి వచ్చేసినప్పటి నుంచీ, ఇంటికి ఎవరొచ్చినా ఒక చెప్పు నీ మిలిటరీ పెట్టెలో దాచేసి, "తిన్నాకనే రెండోది" అని బెదిరించేవాడివి కదా. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

వెళ్లి ఆ పెట్టె తెరిచాను. మడతపెట్టిన యూనిఫాం మీద అత్త చెప్పు ఉంది.

"వదినా, నువ్వేనా?" అంది అత్త.

"పొద్దున్నుంచి పొయ్యికాడే ఉండాను. నాకేం తెలుసు?" అంది అమ్మ.

పిల్లలు ఒట్టేశారు. నేనూ కాదు.

అత్త చేతిలో సంచి కింద పెట్టింది. "మా అన్న పోనిచ్చేటట్టు లేడు. వడ్డించు వదినా," అని విస్తరి ముందు కూర్చుంది. పప్పు రెండుసార్లు అడిగి వేయించుకుంది.

అందరూ వెళ్లిపోయారు. నీ తోలుచెప్పులను అమ్మ ఇంకా వాకిట్లోంచి తీయనివ్వలేదు. వాటిలో ఒకటి తెచ్చి, అదే పెట్టెలో పెట్టి తాళం వేశాను.

తాళంచెవి ఎక్కడ దాచానో నీకు చెప్పను.