ఈ మూలాన్ని అనుమతిస్తారా?

పామర్‌స్టన్ నార్త్, సోమవారం

సుబ్బరామయ్య అంకుల్‌కి,

మా అక్క నవీనకు అన్యాయం జరిగింది. చేసింది మీరు. మీ అబ్బాయి రోహిత్‌తో నిశ్చితార్థానికి హాలు మాట్లాడుకున్నాక, "ఈ సంబంధం వద్దు" అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టి ఫోన్ ఆపేశారు. అందుకే ఈ ఉత్తరం. నిర్ఘాంతపోయి ఉన్నాం. అక్క నిశ్చితార్థం చీరని పాతబట్టలు తీసుకునే ఆప్ షాపుకి ఇచ్చే సంచిలో వేసేసింది. కారణం చెప్పి తీరాలి.

న్యాయం పక్షాన,
లోకేశ్

తా.క. నేను తయారుచేసిన ఆహ్వానం యాప్ వేసుకున్నారా? యాప్ స్టోర్ వాళ్ల అనుమతి అడుక్కోకుండా ఫైలు నేరుగా మీకే పంపాను. ఫోన్ కొన్నది మనం. అడ్డం పడటానికి వాళ్లెవరు?

టకానిని, బుధవారం

చిరంజీవి లోకేశ్‌ని ఆశీర్వదించి,

కారణం నీ తా.క.లోనే ఉంది. నీ యాప్ నొక్కగానే నా ఫోన్ శుభ్రమైన తెలుగులో అడిగింది: "ఈ మూలం వల్ల మీకు హాని కలగవచ్చు. అనుమతిస్తారా?" అక్కడే ఆపేశాను బాబూ. కోడలిది మూలా నక్షత్రమైతే మామగారికి గండం. మీరేమో రేవతి అని రాసిచ్చారు. సిద్ధాంతిగారికి దొరకనిది ఫోన్‌కి దొరికింది.

ఉంటాను, ఉండాలనే ఆశతో,
సుబ్బరామయ్య

తా.క. మా ఆవిడకి, అదే మీ పార్వతి ఆంటీకి, ఇదంతా తెలియదు. వాయిదా పడిందని చెప్పాను.

పామర్‌స్టన్ నార్త్, శుక్రవారం

అంకుల్‌కి,

మీ ఉత్తరం చదివాను. అక్కడ మూలం అంటే నక్షత్రం కాదు, ఫైలు ఎక్కణ్ణుంచి వచ్చిందని. స్టోర్ బయటినుంచి ఏ యాప్ వచ్చినా ఫోన్ అలాగే బెదిరిస్తుంది. అక్కది రేవతే. అయినా మూలే అయితే ఏమిటి? నక్షత్రం చూసి మనిషిని గుమ్మం బయట నిలబెడతారా? వచ్చే శనివారం ఉదయం పదింటికి టకానిని స్టేషన్ నుంచి మీ ఇంటికి ప్లకార్డులతో వస్తున్నాం.

వెనక్కి తగ్గని,
లోకేశ్

తా.క. ఇదే ఉత్తరం ఇంకో కాపీ ఆంటీ పేరున పోస్టు చేశాను.

టకానిని, మంగళవారం

లోకేశ్ బాబుకి,

కాపీ అందింది. ఆంటీ చదివి, బీరువాలోంచి తన అసలు జాతకం తీసి నా ముందు పెట్టింది. మూలా నక్షత్రం. పెళ్లప్పుడు వాళ్ల నాన్న మార్చి రాయించారట. ముప్పై నాలుగేళ్లు నాకు తెలియదు. మా నాన్న ఆవిడ చేతి కాఫీ తాగుతూ తొంభై ఒక్కేళ్లు బతికారు. "మామగారికి ఏ గండమూ రాలేదు, మొగుడికి మాత్రం ఇవాళ వచ్చింది" అంది.

ఆవిడ చూస్తుండగానే "అనుమతించు" నొక్కాను. అక్కని ఆ చీర సంచిలోంచి తీయమను. క్షమించమని నేనే వచ్చి అడుగుతాను.

రెండు మూలాలనూ అనుమతించిన,
సుబ్బరామయ్య

తా.క. స్టేషన్‌కి వద్దు, నిశ్చితార్థం హాలుకి రండి. ప్లకార్డులు పారేయకండి, వెనకవైపు "స్వాగతం" రాయండి. శనివారం, సరిగ్గా ఉదయం పదింటికి, అందరూ.