గాల్లో వదిలేసిన రోటవేటర్

మంగళవారం, రాత్రి

నా బావమరిది శీను ఇవాళ కూడా ట్రాక్టర్ ఆపి, వెనక మట్టిని గుల్ల చేసే రోటవేటర్‌ను కిందికి దించకుండా గాల్లోనే వదిలేసి పోయాడు. దించమంటే ఒకటే పాట: "ఉప్పునేల గదా బావా, ఆనిందంటే బ్లేడ్లు తుప్పు పట్టిపోతాయి." కింద చెక్క వేసి దించరా అంటే వాడికి బద్ధకం.

మధ్యాహ్నం నా భార్య ట్రాక్టర్ నీడలో చాప పరుచుకుని, రోటవేటర్ కిందికి కాళ్లు చాపుకుని చింతపండు గింజలు తీస్తోంది. మంచినీళ్లకని లేచి లోపలికొచ్చింది. తిరిగి వెళ్లేసరికి, ఎవరూ లివర్ ముట్టకుండానే, లిఫ్టులో ఆయిల్ ఒత్తిడి తగ్గిపోయి, రోటవేటర్ దానంతటదే దిగి చాప మీద కూర్చుని ఉంది.

వాడొచ్చి తాపీగా చూసి, "చాప అడ్డం పడింది గదా బావా, బ్లేడ్లకు మట్టి అంటలేదులే" అన్నాడు. వెధవ. ఆ చాప మీద కూర్చున్నది వాడి సొంత అక్క. ట్రాక్టర్ తాళం లాక్కుని పొమ్మన్నాను.

తమ్ముణ్ణి తిట్టానని ఆ అక్కే ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు.