నడుమెత్తు అర వారసురాలు

మూడు రోడ్ల కూడలిలో బేకరీ నడుపుతూ, వీధి మొత్తానికి బిస్కెట్ల పెద్దమ్మనైన నేను, డెబ్బై తొమ్మిదో ఏట, తెలివి చెక్కుచెదరకుండా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాయించిన మరణశాసనమిది. నా మతిమీద అనుమానం ఉన్నవాళ్లు నేనుండగానే అడిగి ఉండాల్సింది.

1. నా స్వార్జితమైన బేకరీ, సామానుతో సహా, నా తదనంతరం నా కూతురికి సర్వహక్కులతో చెందవలెను. షరతు ఒక్కటే. గల్లాపెట్టె పక్కన నడుమెత్తున ఉన్న అరను తీసేయరాదు. వంగకుండా, మునివేళ్ల మీద లేవకుండా ముసలివాళ్లకు చెయ్యి అందేది అదొక్కటే. అందులో ఉడికించిన గుడ్లు, పెరుగు గిన్నెలు, వేయించిన పల్లీలు, కోసిన పండ్లు ఉండవలెను.

2. ఆ అర ఎలా పుట్టిందో కూడా రాయిస్తున్నాను. మా ఆయన పోయాక నా ఒక్కదానికోసం వండుకోబుద్ధి కాలేదు. టీలో బిస్కెట్లు ముంచుకుని పూట గడిపేదాన్ని. ఒంటిమీది బట్టలు వదులైపోయాయి. ఒక మధ్యాహ్నం పొయ్యి ముందే కళ్లు తిరిగి పడ్డాను. చప్పుడు విని మేడ మీదనుంచి పరుగెత్తుకొచ్చింది మా తోటికోడలు. వాటాల్లో కిటికీ ఉన్న ముందుగది నాకొచ్చిందని ఏళ్ల తరబడి నాతో మాట్లాడని మనిషి. నన్ను లేపి కూర్చోబెట్టి, "బిస్కెట్లు అమ్ముకో అక్కా, వాటితోనే బతకమని ఎవరు చెప్పారు?" అని కసిరింది. మర్నాటినుంచి సాయంత్రమయ్యేసరికి గుడ్డో, పెరుగులో అరటిపండో తెచ్చేది. డాక్టరమ్మ కూడా ఆవిడ మాటే బలపరిచింది: ఈ వయసులో కండ కరగకుండా ఉండాలంటే మాంసకృత్తులు కావాలి, ఒకేసారి తినలేనివాళ్లు మధ్యమధ్యలో కొంచెం కొంచెం తినాలి. ఒళ్లు కూడదీసుకున్నాక, మొదటిసారి నేనే మెట్లెక్కి వాళ్లింటికి వెళ్లాను. దిగివచ్చాక, నాలాంటి ముసలివాళ్ల కోసం గల్లాపెట్టె పక్కన ఆ అర పెట్టించాను.

3. ముందుగదిలో మా తోటికోడలికి జీవితాంతం నివాసహక్కు ఇస్తున్నాను. బతికుండగా ఇస్తానంటే, "నీ గాలి నువ్వే పీల్చుకో" అంది. ఇక పోట్లాడడానికి ఎదురుగా నేనుండను.

4. ఊరి చివరి ఇంటిస్థలం నా కొడుక్కి. "ఆ అరలో సోడాలు పెడితే లాభం కదమ్మా" అన్నావు, మరచిపోలేదు. కోపం లేదు నాయనా. నీకూ మోకాళ్లు పట్టేసే రోజు వస్తుంది. అప్పుడు చెల్లెలు నీకు గుడ్డు ఒలిచి పెడుతుంది. డబ్బులిచ్చి తిను.

5. కట్టుడుపళ్లు కుదరని రిటైరైన పోస్టుమాన్‌కు నా చిన్న మిక్సీ. పల్లీలు పొడి చేసుకుని పెరుగులో కలుపుకోండి అన్నయ్యా. గింజలు అలాగే మింగబోయి గొంతుకు అడ్డం తెచ్చుకోవద్దు.

6. ఈ వీలునామా అమలు బాధ్యత ఎదురుగా ఉన్న మందులషాపు ఆయనకు అప్పగిస్తున్నాను. బీపీ ఉన్నవాళ్లకు ఉప్పు పల్లీలు పెట్టొద్దని నాతో వాదించి గెలిచినవాడు ఆయనొక్కడే.

7. నేను పోయిన రోజున మా తోటికోడలు ఏమీ ముట్టదు. ఎవరూ బతిమాలవద్దు. నా కూతురు ఆవిడ ఎదురుగా కూర్చుని, తన గిన్నెలో తాను తినడం మొదలుపెట్టవలెను. ఎదుటివాళ్లు తింటుంటేనే ఆవిడకు ముద్ద దిగుతుంది. ఆ సంగతి ఇంతవరకు నాకొక్కదానికే తెలుసు.

తేదీ: 2023 ఆగస్టు 17

(సంతకం)
బిస్కెట్ల పెద్దమ్మ

సాక్షులు:
1. పళ్ల డాక్టరు
2. పక్కవీధి గడియారాల మెకానిక్