జెర్సీ విన్సెంట్‌కు ఇవ్వకు

ఎస్తేరక్కకు తమ్ముడు కృపానందం వందనాలు.

వచ్చే వారం నాకు గుండె ఆపరేషన్. ఫోన్‌లో చెబితే గొంతు వణుకుతుందని కార్డు రాస్తున్నాను. నువ్వు భయపడకు, ఆ పని నేను చూసుకుంటున్నాను.

నిన్న మా ఫుట్‌బాల్ క్లబ్ కెప్టెన్ విన్సెంట్ దవాఖానకు వచ్చాడు. బత్తాయిలు పెట్టి మెల్లగా, "అన్నా, నీ పాత జెర్సీ ఏడ వెట్టినవ్?" అన్నాడు. చర్చి తెరలకు మిగిలిన మెరూన్ గుడ్డతో మన అమ్మ మా మొదటి టీముకు కుట్టింది కదా, అదే. వానలో ఆడితే రంగు దిగి ఒళ్లంతా ఎర్రబడేది. అయినా ఆ రంగంటే మాకు ప్రాణం. క్లబ్బోళ్లు ఎవరు పోయినా వాళ్ల జెర్సీనే శవపెట్టె మీద పరుస్తారు.

"పెట్టెకు కొలతలు గూడ తీస్కపోరాదుర?" అన్నాను. వాడు నవ్వలేదు. తమాషాకు చచ్చినట్టు పడుకొని వాడకట్టునంతా ఏడిపించినవాణ్ణి, అప్పుడు గబుక్కున లేచి కూర్చున్నాను.

జెర్సీ నీ ట్రంకులోనే ఉందా? విన్సెంట్ అడిగితే ఎలుకలు కొట్టినయని చెప్పు. బావకు మోకాలు నొప్పి తగ్గిందా? పిల్లలకు దీవెనలు. జర గట్టిగా ప్రార్థన చెయ్యి.

ఆపరేషన్‌కు ముందే జెర్సీ నువ్వే పట్టుకొని రా, తొడుక్కొని కూర్చుంటాను. ఒంటి మీదున్నది పెట్టె మీద పరవలేరు కదా.