ఒకే ఒక్క బ్యాగు

ఏప్రిల్ 20, ఆదివారం. ఉదయం 10.15

టికెట్లు వచ్చేశాయి! మే తొమ్మిది, శుక్రవారం. రేణిగుంట నుంచి నాగపూర్‌కు రెండు బెర్తులు. నేను, మా ఆయన మునిశేఖర్, మా ఏడు నెలల తన్విక. పాపకు ఇదే మొదటి దూరప్రయాణం.

నాగపూర్‌లో మా అక్క అమల ఉంది. ఎనిమిదో నెల నిండింది. మంచం దిగొద్దని, ప్రయాణం అసలే వద్దని డాక్టరమ్మ చెప్పేసింది. బావ రైలింజను నడుపుతాడు, వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు. మా ఇద్దరికీ అమ్మా నాయనా లేరు. నా పురుడికి అక్క రెండు నెలలు సెలవు పెట్టి వచ్చి, ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. తన పురుడికి నేను పక్కనుంటానని అప్పుడే మాటిచ్చాను. డాక్టరమ్మ చెప్పిన తేదీ మే ఇరవై. పది రోజులు ముందే చేరిపోతాం. ప్లానింగ్ అంటే ఇదీ!

ఇక అసలు తీర్మానం. ఒకే ఒక్క బ్యాగు!

తిరుచానూరులో లాడ్జి రిసెప్షన్లో నాలుగేళ్లు పనిచేశాను. చంటిబిడ్డతో వచ్చేవాళ్లను ఎంతమందిని చూడలేదు! ముందు బిడ్డ దిగుతుంది. తర్వాత పదకొండు మూటలు, స్టవ్వు, ఉయ్యాల, ఒక తాతయ్య దిగుతారు. ఆ బిడ్డ వాడేది రెండు గౌన్లు. నేను మాత్రం అలా చేయను.

నీలం బ్యాగు తీశాను. వీపుకు తగిలించుకునేది. పన్నెండు వస్తువుల జాబితా రాసి ఫ్రిజ్ మీద అంటించాను. మా అత్త తిరుమలమ్మ దాన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఏమ్మే, చంటిబిడ్డను ఎత్తుకోని ఇంతేనా పొయ్యేది?"

"ఇంతే అత్తా."

నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. నవ్వనీ.

ఏప్రిల్ 21, సోమవారం. మధ్యాహ్నం 3.00

ప్రయోగాత్మకంగా సర్దాను. పన్నెండూ పట్టాయి! ఇంకా రెండు అరచేతుల జాగా మిగిలింది. ఫొటో తీసి అక్కకు పంపాను. "నా చెల్లెలేనా?" అని జవాబు.

పాపకు శిక్షణ కూడా మొదలు. ఫోన్లో రైలు శబ్దం పెట్టి, ఒళ్లో పడుకోబెట్టి ఊపాలి. పది నిమిషాల్లో నిద్రపోయారు. పాప కాదు, మా ఆయన.

ఏప్రిల్ 24, గురువారం. సాయంత్రం 5.30

మిగిలిన ఆ రెండు అరచేతుల జాగా అత్త కంటపడింది.

"రాగిపిండి ఎత్తుకోని పో. ఆడ మన రాగులు యాడ దొరకతాయి? కడుపునొప్పికి వస కొమ్ము. నీళ్లు మారితే జలుబు చేస్తాది, వాము."

మూడూ కాస్త కాస్తే అనుకున్నాను. రాగిపిండి మూడు కేజీలు. సంచిలో కట్టి మరీ ఇచ్చింది.

ఆలోచించాను. సంచి అంటే బ్యాగు కాదు. బ్యాగుకు జిప్ ఉంటుంది. జిప్ లేనిది లెక్కలోకి రాదు. తీర్మానం భద్రం.

ఏప్రిల్ 28, సోమవారం. ఉదయం 11.00

పక్కింటి నాగులమ్మక్క వచ్చింది. ఉయ్యాల చీర, తాడు తెచ్చింది. "రైల్లో పైబెర్తుకు కట్టుకుంటే బిడ్డ హాయిగా పడుకుంటాది. మా కోడలు స్టెల్లా కూతుర్ని బొంబాయి దాకా అట్నే తీస్కపోయినారు." కాదంటే బాధపడుతుంది. తీసుకున్నాను.

అక్కకు మామిడికాయ ఊరగాయ అంటే ప్రాణం. కడుపుతో ఉన్న మనిషి. అది కూడా వద్దంటే నేనేం చెల్లెల్ని! జాడీ ఒకటి. మురుకుల డబ్బా ఒకటి. పాప స్నానానికి మూతున్న బకెట్ మా ఆయన ఆలోచన. "బకెట్లోనే బట్టలు సర్దొచ్చు కదా, జాగా కలిసొస్తాది" అన్నాడు. తెలివైనవాడే.

లెక్క: బ్యాగు 1. సంచులు 3. జాడీ, డబ్బా, బకెట్. ఈ చివరి మూడూ పాత్రలు. సామాను కిందకు రావు.

ఏప్రిల్ 30, బుధవారం. రాత్రి 8.00

ఈరోజు రిహార్సల్. పాపతో ప్యాసింజర్ రైల్లో శ్రీకాళహస్తి దాకా వెళ్లి రావాలని ప్లాన్. గంటన్నర ప్రయాణం కూడా చేయలేకపోతే నాగపూర్ ఏం వెళ్తాం?

9.10: తిరుపతిలో ఎక్కాం. పాప కిటికీ చూసి కేరింతలు. అక్కకు వీడియో పంపాను.

9.40: రేణిగుంట. మొదటి గౌను పోయింది.

9.55: రెండో గౌను. ఎదుటి సీటు పెద్దాయన కళ్లజోడు లాగేసింది. "పర్లేదమ్మా" అన్నాడు. రెండోసారీ అన్నాడు. మూడోసారి సీటు మారిపోయాడు.

10.10: ఏర్పేడు. ఏడుపు. ఎవరు ముందు మొదలుపెట్టారో చెప్పను.

శ్రీకాళహస్తిలో దిగి, గుడి గోపురానికి ప్లాట్‌ఫారం మీది నుంచే దండం పెట్టి, బస్సెక్కి వచ్చేశాం. ఒక సంచి రైల్లోనే ఉండిపోయింది. దానివల్ల సామాను తగ్గింది కదా అని మా ఆయన అన్నాడు.

గౌన్లు పన్నెండు కావాలి. ఇంకో బ్యాగు తీశాను. దీనికి జిప్ ఉంది కానీ చెడిపోయింది. కాబట్టి ఇదీ సంచే.

మే 3, శనివారం. మధ్యాహ్నం 1.20

కొంప మునిగింది.

వీధి చివర గంగమ్మ జాతర పోస్టర్ అంటించారు. అత్త కూరగాయలకు వెళ్లి దాన్ని చూసింది. ఇంటికి వచ్చి మొదటిసారి అడిగింది.

"మీరు పొయ్యేది ఏ తేదీ?"

"తొమ్మిది."

కూరగాయల బుట్ట కింద పెట్టేసింది. "తొమ్మిదా? ఆరో తేదీ రాత్రి జాతర చాటింపు గదమ్మే! చాటింపు ఏసినాక జాతర అయ్యేదాకా ఊరి పొలిమేర దాటేదానికి లేదు. అందునా చంటిబిడ్డను ఎత్తుకోని పోతారా!"

నేను చిత్తూరులో పుట్టాను. ఈ ఊరికి కోడలిగా వచ్చి రెండేళ్లే. ఆ రెండు జాతరలకూ నాకు ఎక్కడికీ వెళ్లే పని పడలేదు. కానీ మా ఆయన? తిరుపతిలోనే పుట్టి, తిరుపతిలోనే పెరిగి, చిన్నప్పుడు ఏటేటా జాతరలో వేషం కట్టిన మనిషి!

"బెర్తు ఉండాదా లేదా అని సూసినాను గానీ జాతర సంగతి తట్టలేదు" అన్నాడు. కాసేపాగి ఇంకోటి కూడా చెప్పాడు. పాప క్షేమంగా పుడితే ఈ ఏడు బైరాగి వేషం వేస్తానని గంగమ్మకు మొక్కుకున్నాడట. చాటింపు మరునాడే ఆ వేషం. మొక్కుకున్నదీ ఆయనే, మరిచిపోయిందీ ఆయనే!

జాతర అయ్యాక వెళ్దామంటే అన్ని రైళ్లూ వెయిటింగే. ఈలోగా అక్కకు నొప్పులు వస్తే?

నాకు ఈ కట్టుబాటు మీద నమ్మకం ఉందా అంటే చెప్పలేను. కానీ అత్త మనసు కష్టపెట్టి, బిడ్డను ఎత్తుకుని పొలిమేర దాటే ధైర్యం లేదు. దారిలో పాపకు చిన్న జ్వరం వచ్చినా నన్ను నేనే క్షమించుకోలేను.

సాయంత్రం 6.00

అక్క ఫోన్ చేసింది. విషయం చెప్పాను. "రావొద్దులేవే. నర్సులుంటారు కదా" అంది. గొంతు మామూలుగానే ఉంది. ఆ గొంతు నాకు తెలుసు. అమ్మ పోయినప్పుడు కూడా నాతో అలాగే మాట్లాడింది. ఫోన్ పెట్టేసి బాగా ఏడ్చాను.

మే 5, సోమవారం. ఉదయం 11.20

నిర్ణయం! చాటింపుకు ముందే బయలుదేరాలి. అంటే రేపే. రేపు సాయంత్రం రేణిగుంటలో ఆరుంపావుకు బండి. తత్కాల్ తెరిచిన నిమిషానికి మా ఆయన తన ఫోన్ రిపేరు షాపులో నాలుగు ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఒకే ఒక్క బెర్తు దొరికింది.

ఆయనకు మొక్కు ఉంది, రాలేడు. కాబట్టి నేనూ పాపా మాత్రమే.

నాకు చేతులు రెండు. ఒకటి పాపకు. ఇంకొకటి రైలు కమ్మీ పట్టుకోవడానికి. మిగిలేది వీపు. కాబట్టి ఒకే ఒక్క బ్యాగు! ఈసారి సంచి లేదు, జాడీ లేదు, బకెట్ లేదు. జిప్ సిద్ధాంతాలు రద్దు.

ఫ్రిజ్ మీది జాబితా మళ్లీ తీశాను. అత్త ఈసారి నవ్వలేదు. పొద్దుటి నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు.

మే 7, బుధవారం. ఉదయం 9.30. రైల్లో

నిన్నటిది రాయాలి. రైలు ఊపుకు అక్షరాలు వంకర పోతున్నాయి.

స్టేషన్‌కు అందరూ వచ్చారు. మా ఆయన ఒక చేతిలో జాడీ, ఇంకో చేతిలో బకెట్. నాగులమ్మక్క చంకలో సంచులు. "ఇవన్నీ వెనక్కి పోతాయి" అని ప్లాట్‌ఫారం మీద గట్టిగా చెప్పేశాను. వీపున నీలం బ్యాగు, చేతిలో పాప. ఎక్కాను. పాపను బెర్తు మీద సర్దిపెడతానని అత్త కూడా ఎక్కింది. నేను బ్యాగు దించేలోపు పాప ఒక చెప్పు తీసి కిటికీలోంచి పారేసింది. ఆ చెప్పు ఎక్కడ పడిందోనని కిటికీకి వంగితే పాల సీసా దొర్లిపోయింది. దాని వెనక నేను.

బండి కదిలింది.

"అత్తా! దిగు, దిగు!"

"యాడికి దిగేది? బిడ్డ నా కొంగు పట్టుకోనుండాది, సూళ్లేదా?" అంటూ బెర్తు మీద కూర్చుంది. "చాటింపుకు ఇంకా ఆరు గంటలుండాది. అమ్మోరికి నేను చెప్పుకుంటాలే. నిన్ను ఒంటిగా పంపిచ్చి నేను ఆడ జాతరకు అంబలి కాస్తా కూర్చుంటే ఆ తల్లి తాగతాదా?"

పెళ్లై వచ్చిన నలభై ఏళ్లలో ఆమె ఒక్క జాతర కూడా వదల్లేదు. వెంట మార్చుకోవడానికి చీర లేదు.

కిటికీ పక్కన మా ఆయన పరిగెడుతున్నాడు. "మా! అంబలి ఎవురు కాచేది?"

"నువ్వే కాచప్పా!"

అమ్మ వెళ్తోందని అర్థమై ఆయన చేతిలో ఉన్నదల్లా తలుపులోంచి లోపల పెట్టేశాడు. నాగులమ్మక్క కూడా. బకెట్, జాడీ, డబ్బా, సంచులన్నీ వచ్చేశాయి. ఎవరిదో కూరగాయల సంచి కూడా వచ్చింది. లాడ్జిలో నేను లెక్కపెట్టిన పదకొండు మూటలు. తాతయ్య ఒక్కడే తక్కువ.

టీటీ వచ్చి అత్త టికెట్ అడిగాడు. "కట్టాల్సింది కడతాం నాయనా, ముందు దీన్ని పట్టుకో" అని పాపను ఆయన చేతిలో పెట్టి కొంగు ముడి విప్పింది. జరిమానా రాయాలంటే పాపను తిరిగి ఇవ్వాలి. ఆయన మాత్రం కాసేపు రాయలేదు.

నేను నలభై నిమిషాలు నిద్రపోయాను. ఉయ్యాల చీర పైబెర్తుకు కట్టాం. పాప హాయిగా పడుకుంది. వస కొమ్ము కూడా పనికొచ్చింది. ఉయ్యాల సంగతి నాగులమ్మక్కకు చెప్పను.

ఇప్పుడే వీడియో కాల్. ఒళ్లంతా తెల్లగా పూసుకుని, మెడలో దండ, చేతిలో వేపమండ. మా ఆయన బైరాగి వేషం. పాప చూసి కెవ్వుమంది. అత్త మాత్రం ఫోన్‌కు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. కళ్లు తుడుచుకుంటూ, "ఎండకు మాడిపోతావు, మజ్జిగ తాగినావా?" అంది.

మే 10, శనివారం. మధ్యాహ్నం 2.00. ఆసుపత్రి

తెల్లారి నాలుగింటికి అక్కకు నొప్పులొచ్చాయి. పది రోజుల ముందే! బావ ఎక్కడో దారిలో ఇంజన్లో ఉన్నాడు. అత్త పాపను చంకనేసుకుని ఆటో పిలుచుకొచ్చింది. భాష రాదు, చేతులతోనే పిలిచింది.

11.40కి బాబు పుట్టాడు. ఇద్దరూ క్షేమం. అక్క పట్టుకున్న చోట నా చేతి మీద గోళ్ల గుర్తులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఎంత సంతోషంగా ఉందో రాయడం చేతకావడం లేదు.

తొమ్మిదో తేదీ టికెట్‌తో వచ్చి ఉంటే ఆ సమయానికి నేను ఇంకా రైల్లోనే ఉండేదాన్ని.

మే 13, మంగళవారం. ఉదయం 8.00

ఈరోజు తిరుపతిలో జాతర. అత్త రైల్వే క్వార్టర్స్ వంటింట్లో మూడు కేజీల రాగిపిండిలో సగం అంబలి కాచింది. దక్షిణానికి తిరిగి గంగమ్మకు నివేదించి, మెట్లెక్కి దిగి పన్నెండు ఇళ్లకూ పంచింది. ఇదేమిటని అడిగే భాష వాళ్లకు రాదు, చెప్పే భాష ఈమెకు రాదు. అందరూ తాగారు.

మా ఆయన కాచిన అంబలి అడుగంటిందట. జనం బాగానే ఉందన్నారట. అత్త నమ్మలేదు.

జూన్ 15, ఆదివారం. ఉదయం 10.00

తిరుగు ప్రయాణం వచ్చే శుక్రవారం. బాబుకు నెల దాటింది. డాక్టరమ్మ ప్రయాణానికి సరేనంది.

నిన్న అత్త అక్క తలకు నూనె రాస్తూ, ఏదో మామూలు మాటలా అంది. "పురుడైనాక ఎవురైనా పుట్టింటికి పోవల్ల గదమ్మా. నువ్వూ తిరుపతికే రా. మూడు నెలలు ఉండి పోదువు."

అక్క చాలాసేపు తల ఎత్తలేదు. పుట్టింటికి రమ్మని తనను పిలిచే మనిషి ఉందని అక్క అనుకోలేదు. నేను కూడా అనుకోలేదు. ఈ రెండేళ్లూ ఆమెను నేను ఒట్టి అత్త అనే అనుకున్నాను.

టికెట్లు తీశాం. ఈసారి పంచాంగం, జాతర పోస్టరు, మా ఆయన మొక్కులు అన్నీ కనుక్కున్నాకే తీశాం.

జాబితా కొత్తగా రాస్తున్నాను. ముగ్గురు ఆడవాళ్లు, ఇద్దరు చంటిపిల్లలు.

ఒకే ఒక్క బ్యాగు. ఈసారి ఖాయం!